మన నర్సు బిడ్డలకు లెక్క నేర్పిద్దాం

 ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక చేసుకొని చదవండి, చదివినాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

మన చదువు నిధికి ఈ మారు వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి నర్సింగ్ ఎం.ఎస్సీ. చదివే బిడ్డది. పరిశోధన పద్ధతులు, గణాంకాలు నేర్చుకునే క్లాసుకు ఫీజు కావాలని, థీసిస్ ఖర్చుకు కొంత సాయం కావాలని అడిగింది. వాట్సాప్ గ్రూపులో వెంటనే మాటలు మొదలైనాయి. "ఇంజెక్షన్ వేసే పనికి ఇంత లెక్క ఏమిటికి?" అని ఒకరు. "పరిశోధన డాక్టర్లు చూసుకుంటారు, నర్సు చెప్పింది చేస్తే చాలదా?" అని ఇంకొకరు. "ఆ డబ్బు ఇంజనీరింగు పిల్లోనికి ఇస్తే ఒక కుటుంబం పైకొస్తుంది" అని మూడోవారు. అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. అడగాల్సిన ప్రశ్నే. అయితే దానికి ఒక వాయిస్ మెసేజిలో జవాబు చెప్పలేను.

నా మాట ముందుగానే చెప్పేస్తాను. నర్సుకు లెక్క రావాలి. అరకొరగా కాదు, గట్టిగా రావాలి. ఆ లెక్క ఆమె తన చేత్తో తనే చేయాలి, అంగట్లో కొనకూడదు. మన నిధి నేర్చుకోవడానికి ఇవ్వాలి, కొనుక్కోవడానికి ఇవ్వకూడదు.

నేను డాక్టరును కాను, ప్రొఫెసరును కాను. రైల్వే గుమస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. కోవిల్‌పట్టిలో, విరుదునగర్‌లో మిరపకాయ బస్తాలకు, పప్పు మూటలకు, అగ్గిపెట్టెల లోడ్లకు పద్దులు రాసినవాణ్ణి. చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడింది, అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి. నా మేనకోడలు మదురైలో నర్సింగ్ ఎం.ఎస్సీ. చదివేటప్పుడు ఆమె గణాంకాల పుస్తకం ఇంట్లో పడి ఉండేది. రిటైరైనవానికి పొద్దు పోవాలి కదా, తెరిచాను. సగం అర్థమయింది. ఆ సగంలోనే, ఇది మనం రిజిస్టర్లలో చేసిన పనికి పెద్దన్న మాదిరి ఉందే అనిపించింది. అప్పటినుంచి వదలకుండా చదువుతా ఉన్నాను.

ముందు ఒక సంగతి. నర్సు పనికి, లెక్కకు సంబంధం ఈనాటిది కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినని ఇల్లు లేదు, చేతిలో దీపం పట్టుకొన్న బొమ్మ ప్రతి నర్సింగ్ కాలేజీ గోడ మీదా ఉంటుంది. అయితే ఆ అమ్మ చేతిలో దీపం కంటే జాస్తి కాలం ఉండింది లెక్కల కాగితం. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన సిపాయిలను చూసుకోవడానికి స్కుటారి ఆసుపత్రికి పోయింది. ఆ మొదటి చలికాలం అక్కడ సిపాయిలు ఈగల మాదిరి చచ్చిపోయినారు. యుద్ధం అయినాక లండన్‌లో విలియం ఫార్ అనే గణాంకాధికారితో కూర్చొని పద్దులు తిరగేస్తే నిజం బయటపడింది: గాయాలతో చచ్చినవాళ్ల కంటే రోగాలతో చచ్చినవాళ్లే చాలా జాస్తి. మురుగు కాలువలు, గాలి ఆడని గదులు, కిక్కిరిసిన పడకలు, ఇవి చంపినాయి. 1855 మార్చిలో వచ్చిన శుభ్రత కమిషన్ కాలువలు బాగు చేసినాక చావులు దిగినాయి. ఆసుపత్రిలో రాత్రింబవళ్లు తిరిగిన ఆమెకే, తిరిగేటప్పుడు కనబడనిది లెక్కలో కనబడింది. ఆ లెక్కను రంగుల చక్రం బొమ్మగా వేసి 1858లో ప్రభుత్వం ముందు పెట్టింది. అదే ఏడు లండన్ గణాంక సంఘంలో మొదటి ఆడ సభ్యురాలయింది.

మన దేశానికి ఆమె ఎప్పుడూ రాలేదు. అయినా ఇక్కడి పటాలాల ఆరోగ్యం గురించి పడక మీదనుంచే లెక్కలు తెప్పించుకొని రాసింది. 1876-78 మదరాసు కరువులో మన తాతల తాతలు గంజికి అల్లాడినప్పుడు, నీటిపారుదల కావాలని గొంతెత్తినవాళ్లలో ఆమె ఒకతె. గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర మాటకు బలం ఇచ్చినదీ ఆమే. నర్సు అంటే చెప్పింది చేసే మనిషి అనేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

సరే, అది లండన్ కథ. మన కరిసల్ నేల కథకు వద్దాం.

ఎట్టయపురం పక్కన వడమలాపురం. మనలో చాలామందికి అక్కడ చుట్టాలు ఉన్నారు. 1918లో ఆ ఊళ్లో పుట్టిన గోవిందప్ప వెంకటస్వామి, అందరూ 'డాక్టర్ వి' అనే పెద్దాయన, కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా కంటి ఆపరేషన్లు నేర్చుకొని చేసినాడు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టినాడు. అక్కడ ఊళ్లనుంచి వచ్చిన ఆడబిడ్డలకు శిక్షణ ఇచ్చి సిస్టర్లుగా పెట్టుకొంటారు. మన పక్కన పనిచేసేవాళ్లు ఎంతమందో ఉన్నారు. ఆ ఆసుపత్రి గొప్పతనం గురించి అందరూ చెప్తారు. నేను చెప్పేది వాళ్ల లెక్క గురించి.

మొదటి ఉదాహరణ. విటమిన్ ఎ కమ్మి అయితే పిల్లలకు రేచీకటి వస్తుందని అందరికీ తెలుసు. అది పిల్లల ప్రాణాన్ని కూడా కాపాడుతుందా అనేది అప్పటి ప్రశ్న. అరవింద్ తరఫున డాక్టర్ లక్ష్మీ రహ్మతుల్లా బృందం తిరుచ్చి జిల్లాలో 15,419 మంది చిన్నపిల్లలను తీసుకొన్నది. ఏ గుంపుకు విటమిన్ ఎ, ఏ గుంపుకు అది లేని మందు అనేది ఎవరి ఇష్టానికీ వదలకుండా చీటీ వేసిన మాదిరి పంచినారు. మన తమిళ దేశానికి ఇది కొత్త కాదు, ఉత్తిరమేరూరు శాసనంలో కుండలో ఓలలు వేసి తీసే కుడవోలై పద్ధతి ఉంది కదా, అదే నీతి. మనిషి ఇష్టానికి వదిలితే బాగుండే ఇళ్ల పిల్లలకే మందు పోతుంది, ఆపైన ఫలితం మందుదా, ఇంటి భాగ్యానిదా తెలియదు. చీటీ వేస్తే రెండు గుంపుల్లోనూ బీద, ధనిక, బక్క, బలం అన్నీ సమంగా కలుస్తాయి. మందు ఇచ్చేవాళ్లకు కూడా సీసాలో ఏముందో తెలియదు. వారానికొకమారు ఊరి కార్యకర్తలు ఇంటింటికీ పోయి, కొంచెం కొంచెంగా ఒక సంవత్సరం పాటు ఇచ్చినారు. 1990లో ఫలితం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. విటమిన్ ఎ తీసుకొన్న పిల్లల్లో చావులు 54 శాతం తగ్గినాయి.

ఇక్కడ ఒక నిమిషం ఆగండి. ఆ పరిశోధన బరువంతా ఎవరి మీద నిలబడింది? ఎండలో ఇంటింటికీ పోయిన ఆ కార్యకర్త మీద. ఆమె ఒక వారం పోకుండా "ఇచ్చినాను" అని రాసి ఉంటే? పోయినప్పుడు పిల్లవాడు ఊళ్లో లేకుంటే ఆ గడిలో ఏం రాయాలో ఆమెకు తెలియకుంటే? పెద్ద డాక్టరు ఎంత పెద్ద కంప్యూటరు పెట్టుకున్నా ఆ అబద్ధాన్ని నిజం చేయలేడు. పునాది ఆమె రాసిన గీత.

ఇదే కథకు రెండో భాగం ఉంది, అది కూడా తెలియాలి. తరువాత ఉత్తరప్రదేశ్‌లో దాదాపు 10 లక్షల మంది పిల్లలతో ఆరు నెలలకొకమారు విటమిన్ ఎ ఇచ్చి చూశారు. 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితంలో తేడా 4 శాతమే, అదీ అదృష్టం కొద్దీ వచ్చిందేమో అనుకొనేంత చిన్నది. ఏమిటికి? ఊరు వేరా, కాలం వేరా, మోతాదు వేరా, ఇచ్చినట్టు రాసింది నిజంగా ఇచ్చినారా? పండితులు దీని మీద చాలా కొట్లాడినారు. నాకు అర్థమయింది ఒకటే. ఒకమారు దొరికిన జవాబును వేరే చోట మళ్లీ అడగాల్సిందే. మన విరుదునగర్‌కు జవాబు విరుదునగర్‌లోనే వెదకాలి. దానికి విరుదునగర్‌లో లెక్క తెలిసిన మనిషి ఉండాలి.

రెండో ఉదాహరణ. దక్షిణ తమిళనాడులో మూడు జిల్లాల పల్లెల్లో అరవింద్‌వాళ్లు ఒక కంటి సర్వే చేసినారు. లక్షల మందిని చూడలేదు. 50 చోట్లు ఎంచుకొని, 40 ఏండ్లు దాటిన 5,150 మందిని చూసినారు. గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా అది ఉందనే తెలియదని తేలింది. ఆసుపత్రికి వచ్చినవాళ్లను మాత్రం లెక్కపెడితే ఈ సంగతి ఎన్నటికీ తెలియదు, ఏమిటికంటే తెలియనివాడు ఆసుపత్రికి రాడు. అన్నం ఉడికిందా లేదా చూడటానికి ఒక్క మెతుకు చాలు అంటారు మన ఆడవాళ్లు. నిజమే, అయితే గరిటె పెట్టి కలిపిన కుండలోనే ఆ సామెత చెల్లుతుంది. కలపని కుండలో పైన బియ్యం, అడుగున మాడు. మెతుకు ఎక్కడనుంచి తీయాలి అనేదే పెద్ద చదువు.

మూడో ఉదాహరణ. శుక్లం ఆపరేషన్ అయినాక కంటి లోపలికి చీము పట్టడం చాలా అరుదు, వస్తే చూపు పోయే ప్రమాదం. ఆపరేషన్ చివర కంటిలోకే ఒక యాంటీబయాటిక్ ఇస్తే తగ్గుతుందా? అరవింద్‌వాళ్లు 6 లక్షలకు పైగా ఆపరేషన్ల రికార్డులు తీసి 2017లో ప్రచురించినారు. మందు లేనప్పుడు 3,02,815 ఆపరేషన్లకు 214 మందికి, మందు ఇచ్చినప్పుడు 3,14,638 ఆపరేషన్లకు 64 మందికి. పదివేలకు ఏడు ఉండేది పదివేలకు రెండయింది. ఇప్పుడు ఏడాదికి 500 ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రిని తలుచుకోండి. పదివేలకు ఏడు అనే లెక్కన, రెండేండ్లలో ఒక్క కేసు కూడా రాకపోవడానికి సగానికి సగం అవకాశం ఉంది. అప్పుడు వాళ్లు "మా దగ్గర చీమే లేదు" అని బోర్డు పెట్టుకోవచ్చు. అది శుభ్రత కాదు, లెక్క చాలకపోవడం. ఎంతమందిని చూస్తే ఎంత తేడా పట్టుకోగలం అనేది ముందే కట్టాల్సిన లెక్క. ఇంకో మాట, ఇది చీటీ వేసి పంచిన పరీక్ష కాదు, రికార్డుల పోలిక. కాబట్టి ఈ రెండు కాలాల మధ్య ఇంకేమైనా మారిందా అని కూడా అడగాలి. ఆ అడగడమే పరిశోధన బుద్ధి.

"ఇవన్నీ పెద్ద సంస్థల సంగతులు, వార్డులో నర్సుకు ఏమిటికి?" అంటారా? వార్డుకే వద్దాం.

కదలలేని రోగికి వచ్చే పడక పుండ్లు నర్సు చూసుకోవాల్సిన పని. ఊరికే ఒక ఉదాహరణ వేసుకుందాం. పెద్దాసుపత్రిలో 100 మంది రోగులు, ఎనిమిదిమందికి పుండ్లు. చిన్న ఆసుపత్రిలో 100 మంది, నలుగురికి పుండ్లు. ఏది మేలు? చిన్నది అని అందరమూ చెప్తాం. ఇప్పుడు లోపల చూడండి. పెద్దదానిలో మంచం పట్టినవాళ్లు 80 మంది, చిన్నదానిలో 20 మంది. పుండ్లు వచ్చింది రెండు చోట్లా మంచం పట్టినవాళ్లకే. అంటే పెద్దదానిలో 80కి 8, నూటికి పది. చిన్నదానిలో 20కి 4, నూటికి ఇరవై. మేలు అనుకున్నదే రెండింతలు చెడు. ఇట్ల రోగి బరువు, వయసు, జబ్బు అన్నింటినీ ఒక్కమారుగా సరితూచే పద్ధతినే పుస్తకంలో రిగ్రెషన్ అంటారు. పేరు చూసి భయపడకండి. నాగర్‌కోయిల్ నుంచి అరగంట ఆలస్యంగా బయలుదేరిన బండి కోవిల్‌పట్టికి అరగంట ఆలస్యంగా వస్తే, కోవిల్‌పట్టి స్టేషన్ మాస్టరుకు మెమో ఇవ్వకూడదు కదా. ఎక్కడి ఆలస్యం ఎక్కడిదో విడదీయడం, అంతే.

ఇంకొకటి, గుమస్తా కంటికి వెంటనే పడేది. తూకం పుస్తకంలో వరుసగా 50 కిలోలు, 60 కిలోలు, 80 కిలోలు అని గుండు సంఖ్యలే ఉంటే, తనిఖీకి వచ్చిన టి.ఐ.ఏ. కాటా ఎక్కించకుండా రాసినారని ఒక చూపులో చెప్పేస్తాడు. రక్తపోటు రిజిస్టరూ అంతే. పాదరసం మిషన్‌లో గీతలు రెండేసి ఉంటాయి, కాబట్టి కొలత చివర 0, 2, 4, 6, 8 ఇంచుమించు సమంగా రావాలి. నూరు కొలతల్లో సున్నాతో ముగిసేవి ఇరవై చుట్టూ ఉండాలి. ఎనభై ఉంటే? 120/80, 130/80, 120/80 అని వరుసగా పోతే? ఆ రిజిస్టరు కొలిచి రాసింది కాదు, తలచుకొని రాసింది. దాని మీద ఎంత పెద్ద లెక్క కట్టినా మట్టిగోడ మీద మేడ. ఈ కన్ను నర్సుకు ఉంటే, తన వార్డు రిజిస్టరును తనే తనిఖీ చేసుకుంటుంది.

ఇప్పుడు చేదు మాట. భారత నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యక్రమంలో నర్సింగ్ పరిశోధన, గణాంకాలు అనే పాఠం ఉంది. ఎం.ఎస్సీ.కి థీసిస్ రాయాలి. చట్టంలో అంతా సరిగానే ఉంది. నేను చూసిన థీసిస్‌లు మాత్రం చాలావరకు ఒకే అచ్చు. ఏదో ఒక జబ్బు గురించి ఒక బోధన కార్యక్రమం. అరవైమంది. ముందు ఒక ప్రశ్నపత్రం, బోధన, వారం తరువాత అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరిగినాయి. పి విలువ 0.001 కంటే తక్కువ. "కార్యక్రమం ప్రభావవంతమైనది." అయిపోయింది. అయ్యా, ఈరోజు పాఠం చెప్పి వారం తరువాత అదే అడిగితే మార్కు పెరగకుండా ఎట్ల ఉంటుంది? పోల్చడానికి పాఠం చెప్పని గుంపు ఏదీ? మార్కు పెరిగింది సరే, రోగి చెక్కర తగ్గిందా? తల్లి బిడ్డకు పాలు ఇవ్వడం మారిందా? అరవై అనే సంఖ్య ఎక్కడనుంచి వచ్చింది? ఏ లెక్కా కట్టకుండా "సీనియర్లు అరవై పెట్టినారు" అంటే అది పరిశోధన కాదు, సంప్రదాయం.

పి విలువ అంటే ఏమిటో మన ఇంటి తెలుగులో చెప్తాను. నిజంగా ఏ తేడా లేకపోయినా, కేవలం అదృష్టం కొద్దీ ఇంత తేడాగానీ, ఇంతకంటే జాస్తిగానీ కనబడే అవకాశం ఎంత అనేదే ఆ సంఖ్య. మందు ఎంత బాగా పనిచేసింది అని అది చెప్పదు. వేలమందిని చూస్తే పనికిరాని చిన్న తేడాకు కూడా ఘనమైన పి విలువ వస్తుంది. ఇది తెలియకుండా ఆ సంఖ్యను తాయెత్తు మాదిరి కట్టుకొని తిరుగుతా ఉన్నారు.

దీనికంటే చేదు ఇంకొకటి. కొన్ని ఊళ్లలో జిరాక్స్ అంగళ్ల పక్కన థీసిస్ అంగళ్లు ఉన్నాయి. డేటా ఇస్తే లెక్క కట్టి ఇస్తారు. ఇంకొంచెం డబ్బు ఇస్తే డేటా కూడా వాళ్లే 'తయారు' చేస్తారు. ఏ అంగడి, ఏ కాలేజీ అని నేను చెప్పను, ఆ పంచాయితీ నాకు వద్దు. అయితే ఇది జరగలేదని ఎవరూ నాతో వాదించవద్దు. రేపు వైవాలో "ఈ పరీక్ష ఏమిటికి వాడినావమ్మా?" అని అడిగితే ఆ బిడ్డ నోరు తెరవలేదు. తన పేరున్న పుస్తకానికి తనే పరాయిది అవుతుంది.

తప్పంతా బిడ్డల మీద వేయడం న్యాయం కాదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి క్లాసులో కూర్చుంటారు. ఒక గైడుకు చాలామంది విద్యార్థులు. గణాంకాలు చెప్పే మాస్టరు ఎప్పుడో వచ్చి పోతాడు. పైగా పన్నెండో తరగతి దాకా తమిళంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, ఒక్కమారుగా ఇంగ్లీషులో 'స్టాండర్డ్ డీవియేషన్' అంటే ఆ బిడ్డకు గుండె జారదా? సగటు నుంచి ఒక్కొక్కరు ఎంతెంత దూరంలో చెదిరి ఉన్నారో చెప్పే కొలత అని ఇంటి మాటలో చెప్పే మనిషి ఒకరుంటే చాలు. ఆ ఒక్క మనిషి లేడు. అంగడివాడు ఉన్నాడు.

ఇది మనకు ఏమిటికి అంత ముఖ్యం? విరుదునగర్ జిల్లాను 2018లో కేంద్రం 'ఆకాంక్షాత్మక జిల్లా'ల్లో చేర్చింది. తమిళనాడులో ఇట్లాంటివి రెండే, రామనాథపురం, విరుదునగర్. ఆ జిల్లాలకు నెలనెలా సంఖ్యలు చూసి ర్యాంకు వేస్తారు. గర్భిణుల నమోదు, బిడ్డ బరువు, ఇవన్నీ ర్యాంకుకు ఎక్కే సంఖ్యలే. ఆ సంఖ్య మొట్టమొదట పుట్టేది ఊరి ఆరోగ్య నర్సు చేతిలో. 2021 ఆగస్టులో మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకంలో ఇంటి గడప దగ్గరికే వచ్చి రక్తపోటు, చెక్కర చూస్తా ఉన్నారు. 2022 జనవరిలో విరుదునగర్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అంటే సంఖ్యలకు కొదవ లేదు. ఆ సంఖ్యలను అడగడం తెలిసినవాళ్లకే కొదవ.

అడగాల్సినవి ఎన్ని ఉన్నాయో చూడండి. రక్తహీనతకు ఇనుము మాత్రలు ఇచ్చిన లెక్క వేరు, మింగిన లెక్క వేరు. ఆ రెండింటి మధ్య ఎంత దూరం? సివకాశి పక్కన టపాసుల ప్రమాదంలో కాలినవాళ్లు ఆసుపత్రి చేరడానికి పట్టిన సమయానికీ, బతకడానికీ ఏం సంబంధం? అగ్గిపెట్టెల పనిలో రోజంతా కూర్చునే ఆడవాళ్ల నడుము నొప్పి మిగతా ఆడవాళ్ల కంటే జాస్తా, లేక వయసు కారణమా? చెక్కర జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమంది కాళ్లను నర్సు తాకి చూసింది? ఈ ప్రశ్నలు చెన్నైలో కూర్చున్నవానికి తట్టవు. మన భాష, మన వీధి, మన పనిపాటలు తెలిసిన బిడ్డకే తడతాయి. ముసలమ్మ "తింటా ఉన్నాలే" అంటే తినడం లేదని అర్థం అని మన ఇంట్లో పుట్టిన నర్సుకే తెలుసు.

ఇప్పుడు గ్రూపులో వచ్చిన అభ్యంతరాలకు వస్తాను.

"వార్డుల్లో చేతులే చాలడం లేదు, పరిశోధన విలాసం కదా?" చేతులు చాలవనే మాట కూడా లెక్కతోనే నిరూపించాలి. ఒక నర్సుకు ఎంతమంది రోగులైతే పుండ్లు, జ్వరాలు, పడిపోవడాలు పెరుగుతాయో నర్సులే లెక్క చూపితే పై అధికారులు కాదనలేరు. ఊరికే మొరపెట్టుకుంటే వినరు. రైల్వేలో కూడా ట్రాఫిక్ లెక్క చూపనిదే ఒక పోస్టు అదనంగా వచ్చేది కాదు.

"చదివించినా విదేశాలకు పోతారు." పోనీ. ఇంజనీర్లు పోలేదా? వాళ్లకు ఇచ్చేటప్పుడు ఈ మాట ఎవరూ అనలేదే. పైగా పోయిన చోట కూడా "ఈ పద్ధతికి ఆధారం ఏమిటి?" అని అడిగే కాలం ఇది. జవాబు చెప్పగలిగిన బిడ్డ తల ఎత్తుకొని పనిచేస్తుంది.

"పరిశోధన డాక్టర్ల పని." డాక్టరు రౌండుకు వచ్చి పోతాడు. రోగి పక్కన రోజంతా ఉండేది నర్సు. ఎక్కువ చూసేవాళ్లకు అడగడం రాకపోతే, ఆ చూసిందంతా వృథా.

ఇక నేను సర్వసభ్య సమావేశం ముందు పెట్టేది ఇది.

ఒకటి. నర్సింగ్ పి.జి., పి.హెచ్‌డి. చదువులను మన చదువు నిధి జాబితాలో మెడిసిన్, ఇంజనీరింగు పక్కనే చేర్చాలి.

రెండు. థీసిస్ అంగడి బిల్లుకు ఒక్క పైసా ఇవ్వకూడదు. ఆ డబ్బుతో కోవిల్‌పట్టిలో ఒకటి, విరుదునగర్‌లో ఒకటి, ఆదివారం క్లాసు పెడదాం. ఈ రెండు ఊళ్ల కాలేజీల్లో గణితం, గణాంకాలు చెప్పి రిటైరైన మాస్టర్లు మన చుట్టుపక్కలే ఉన్నారు, పిలిస్తే వస్తారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, ఆర్, జమోవి లాంటివి ఉచితంగా దొరుకుతాయి. మన కల్యాణమండపం ముహూర్తాలు లేని ఆదివారాలు ఖాళీగానే ఉంటుంది.

మూడు. సాయం తీసుకొన్న బిడ్డ సంవత్సరాంత సమావేశంలో పదిహేను నిమిషాలు తన పని గురించి తెలుగులోనో, తమిళంలోనో చెప్పాలి. మన అవ్వలకు అర్థమయ్యేట్టు చెప్పగలిగితే ఆ పని ఆమెదే అని తెలిసిపోతుంది. దానికంటే మంచి వైవా లేదు.

నాలుగు. రోగుల పేర్లు తీసేసి, అసలు డేటా కాగితాలు భద్రంగా పెట్టుకొని, అడిగితే చూపించగలగాలి. రోగి సమ్మతి, కాలేజీ నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క కొలత కూడా తీసుకోకూడదు.

ఐదు, నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. "నేను చేసిన పద్ధతి పనిచేయలేదు" అని నిజాయితీగా తేల్చిన బిడ్డకు, "పనిచేసింది" అని తేల్చిన బిడ్డతో సమానంగా శాలువా కప్పాలి. గెలుపుకే పూలమాల అని మనం అన్నంత కాలం, అంగళ్లు గెలుపును అమ్ముతానే ఉంటాయి.

దరఖాస్తు పెట్టిన ఆ బిడ్డకు ఈ మారు నిధినుంచి ఎంత ఇవ్వాలనేది కార్యవర్గం చూసుకుంటుంది. నేను అడిగేది మాత్రం, ఆమె ఫీజు అడిగిన క్లాసుకు ఇవ్వండి, థీసిస్ ఖర్చు అని రాసిన చోట ఏమేమి ఉన్నాయో కూర్చోబెట్టి ప్రేమగా అడగండి. ప్రశ్నపత్రాల జిరాక్స్, బస్సు చార్జీ, కొలిచే పరికరం అయితే ధారాళంగా ఇవ్వండి.

ఈ పోస్టు చదివే నర్సు బిడ్డలు మన ఇళ్లలో ఎంతోమంది ఉన్నారు. మీ వార్డులో, మీ ఊరి సెంటరులో మీకు రోజూ తట్టే ఒక ప్రశ్న, ఒక్కటే, కింద కామెంటులో రాయండి. రోగి పేరు, ఆసుపత్రి పేరు వద్దు. ఆదివారం క్లాసు మొదలైతే ఆ ప్రశ్నలతోనే మొదలుపెడదాం. పెద్దలు కూడా మీ అభిప్రాయం, ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా, సమావేశానికి ముందే చెప్పండి.

ఇట్లు,
మీ రైల్వే గుమస్తా, రిటైర్డ్